పాత గుంటలో నాటిన దీపం

మా అక్క కూతురు ప్రొద్దుటూరులో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, పెన్న ఒడ్డున మా పుట్టింటి ఊళ్ళో ఉన్న దీపాల గుమ్మటం గురించి పుస్తకం రాస్తానని బయలుదేరింది. పోయిన ఎండాకాలం కాగితాల కట్ట పట్టుకొని వచ్చి, నా మంచం మీద కూర్చొని, కళ్లజోడు సర్దుకొని చదివి వినిపించింది. గుమ్మటం ఎత్తెంత, గోడ మందమెంత, సున్నంలో ఏం కలిపి ఉంటారు, అన్నీ ఉన్నాయి. నేనూ బుద్ధిగా తలూపుతూ విన్నాను. ఆఖరి కాగితంలో ఒక మాట వచ్చింది. తరాలుగా దీపం చూసుకున్న ఇంటిలో చివరి కాపరికి చూపు పోవడం వల్ల దీపాన్ని తప్పు చోట నాటాడని, దాంతో ఒక బండి ఊబిలో దిగిందని, అందుకే ఆ ఇంటి నుంచి దీపం తప్పించారని.

"అది కొట్టెయ్" అన్నాను.

"ఎందుకు చిన్నమ్మా? ఊరంతా చెప్పేది అదే గదా."

"ఊరంతా చెప్పేది రాసేదానికి నువ్వెందుకు? టేపు రికార్డరు పెడితే సరిపోదా?"

అది నవ్వింది. ఎనభై దాటిన ముసలిది కసురుకుంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. ఆ చివరి కాపరి మా అబ్బ, అంటే మా నాయనకు నాయన. ఊబిలో దిగిన బండిలో ఉన్నది మా అక్క. ఆ పూట మా అక్క కడుపులో ఉన్నది ఇదిగో, నా మంచం మీద కూర్చొని నాకే చరిత్ర చదివి వినిపిస్తున్న ఈ మనిషి.

సముద్రం ఒడ్డున ఓడలకు దీపస్తంభాలు ఉంటాయని నేను చిన్నప్పుడు బడిలో చదివాను. మాది ఎద్దుల బండ్లకు. మా ఊరు జమ్మలమడుగుకు దిగువన, పెన్నకు ఉత్తరపు గట్టు మీద ఉంది. పులివెందుల వైపు నుంచి వచ్చే బండ్లు మా ఊరి రేవులో ఏరు దాటి ప్రొద్దుటూరుకో, జమ్మలమడుగు మిషను ఆస్పత్రికో పోయేవి. ఏట్లో నీళ్లు మోకాలు దాటవు. ముంచేది నీళ్లు కాదు, ఇసుక. వరద తీసిన తర్వాత కొన్నాళ్లు ఇసుక అడుగున నీళ్లు కదులుతూ ఉంటాయి. పైకి చూస్తే కళ్లం చేసుకోవచ్చన్నంత గట్టిగా ఉంటుంది. కాలు పెడితే మనిషిని గొంతుదాకా లాగేస్తుంది. ఆ ఊబి ఏ వరదకు ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు.

అందుకే రెండు దీపాలు. గుమ్మటం పైన, ఏటి వైపు తెరిచిన గూట్లో పెద్ద దీపం. దాని ముందర, గట్టు అంచున, ఒక కొయ్యకు వేలాడదీసిన చిన్న లాంతరు. ఆవలి గట్టున బండి తోలేవాడు ఈ రెంటినీ చూస్తాడు. చిన్న దీపం సరిగ్గా పెద్ద దీపం కింద కనబడే చోట ఏట్లో దిగాలి. అట్లాగే కింద ఒకటి, పైన ఒకటి పెట్టుకొని నడవాలి. చిన్న దీపం పక్కకు జరిగినట్టు కనిపిస్తే తాను దారి తప్పినట్టు. అది ఏ పక్కకు జరిగితే తాను ఆ పక్కకు తోలుకోవాలి. అంతే శాస్త్రం.

గుమ్మటం కట్టింది గండికోట ఏలినవాళ్లని కొందరు, కాదు, ఏట్లో బండ్లు పోగొట్టుకున్న ఒక పత్తి వ్యాపారి అని కొందరు. ఎవరికి నచ్చిన కథ వాళ్లు చెప్పేవాళ్లు. మా అక్క కూతురు రెండూ రాసుకుంది. దీపం మా ఇంటికి ఎట్లా వచ్చిందో మాత్రం నాకు తెలుసు. మేం దూదేకులవాళ్లం. దీపానికి వత్తి కావాలి, వత్తికి మంచిగా ఏకిన దూది కావాలి. వత్తులు ఇచ్చేవాళ్లే వెలిగిస్తారులే అని ఊరు ఆ పని మా తాతముత్తాతల మీద పడేసి చేతులు దులుపుకుంది.

పెద్ద దీపం ఎప్పుడూ కదలదు. చిన్న దీపం కొయ్యను మాత్రం ప్రతి వరదకూ పీకి ఇంట్లో పెట్టేవాళ్లు. నీళ్లు తీసినాక కాపరి గడ పట్టుకొని ఏట్లో దిగి, అడుగడుగూ పొడిచి చూసి, గట్టి దారి ఎక్కడుందో కనుక్కొని, దానికి తగ్గట్టు కొయ్యకు గుంట తవ్వి నాటాలి. దీనికొక కట్టుబాటు ఉండేది. కొయ్య గుంట మారితే, ఆ దారిన మొదట కాపరి ఇంటి మనిషి దాటి రావాలి. ఆ తర్వాతే ఊరి బండ్లు. తన ఇంటి ప్రాణం మీదకు వస్తే ఎవడూ ఒళ్లు దాచుకోడని పెద్దవాళ్ల లెక్క. నాకు అదంతా ముసలివాళ్ల చాదస్తంగా ఉండేది.

అప్పటికి కర్నూలు రాజధాని పోయి, హైదరాబాదు వచ్చి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. నాకు పద్దెనిమిది. మా అమ్మానాయనలు మా చిన్నతనంలోనే పోతే, అక్కనూ నన్నూ అబ్బే సాకాడు. అక్కను పులివెందుల దగ్గర పల్లెలో ఇచ్చాడు. నాకు కూడా ఆ ఇంట్లోనే, బావ తమ్ముడితో పెండ్లి కుదిరింది. ఇంకో నెలలో ముహూర్తం. అబ్బకేమో మూడేళ్లుగా కళ్ల మీద పొర కమ్ముకొస్తూ ఉంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఊరి పెద్దలు దీపం వేరే ఇంటికి ఇచ్చేస్తారు. ఆయనకు అది ఒక్కటే పట్టింపు. అందుకని సాయంత్రం లాంతరు గ్లాసు తుడిచేది, వత్తి కత్తిరించేది, వెలిగించేది నేను. ఏట్లో దారి వెతికేది మాత్రం ఆయనే. "ఏటికి పాదాలు సాలుమే, కండ్లతో ఏం పని" అనేవాడు. అది నిజం కూడా. ఆయన కాలికి తెలిసినంత ఏరు ఎవరి కంటికీ తెలియదు.

ఆ ఏడు పెద్ద వరద వచ్చి తీసింది. నాలుగో రోజు పొద్దున్నే అబ్బ గడ పట్టుకొని ఏట్లో దిగాడు. పాత దారి నడిమధ్యన ఊబి పడిందని కనుక్కొన్నాడు. కొత్త దారి దానికి ఎగువగా ఉంది. కొయ్యను పాత గుంట నుంచి పది అడుగులు ఎగువకు జరిపి నాటి, తాను ఆవలికి పోయి తిరిగి వచ్చాడు. ఇంటి మనిషి దాటినాడు, అయిపోయింది, ఇంక బండ్లు రావచ్చు అన్నాడు. ఆ రోజే మా అక్కను తీసుకొస్తున్నట్టు బావ ముందే కబురు పంపాడు. ముందటేడు అక్కకు పురిట్లో బిడ్డ పోయింది. ఈసారి నొప్పులు రాకముందే తీసుకొచ్చి చేర్పించమని ఆస్పత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వరద వల్ల అప్పటికే నాలుగు రోజులు ఆలస్యమైంది.

మధ్యాహ్నం తుంపర పడింది. ఎవరివో గేదెలు కొయ్యకు ఒళ్లు రుద్దుకొని పడేసి పోయాయి. దీపాల వేళకు నేను పోయి చూస్తే కొయ్య నేల మీద ఉంది. కొత్త గుంట తడికి పూడి బురద అయిపోయింది. పాత గుంట పక్కనే ఉంది, చుట్టూ రాళ్లు పేర్చి, తరాల నుంచి కొయ్య నిలబడ్డ గుంట. ఇంట్లో పొయ్యి మీద కూర ఉంది. అక్క వస్తోందని తల దువ్వుకోవాలి. మళ్లీ గడ్డపార తెచ్చి తవ్వాలంటే బద్ధకం వేసింది. పది అడుగులకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఇన్నేళ్లూ దాని చోటు ఇదే కదా అనుకున్నాను. కొయ్యను ఎత్తి పాత గుంటలో దించి, లాంతరు వెలిగించి, గుమ్మటం ఎక్కి పెద్ద దీపం కూడా వెలిగించి వచ్చాను. నాకు కట్టుబాటు తెలియక చేయలేదు. తెలిసే చేశాను. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఇంటికి పోయి కూర దించి, జడ వేసుకొని మళ్లీ గట్టుకు వచ్చాను. అప్పటికి అబ్బ నమాజు చేసుకొని కర్ర పొడుచుకుంటూ వచ్చి నిలబడి ఉన్నాడు. ఆవలి నుంచి బావ ఎద్దులను అదిలించే కేక వినిపించింది. "వచ్చినారు, వచ్చినారు" అని నేను సంబరపడ్డాను. మసక చీకట్లో బండి కింద లాంతరు ఊగుతూ ఏట్లోకి దిగడం కనబడింది. అబ్బ అడుగులు లెక్కపెట్టుకుంటూ కొత్త గుంట దగ్గరికి పోయి, కొయ్య మీద చెయ్యి ఆనించబోయాడు. చేతికి గాలి తగిలింది.

"కొయ్య యాడమే?"

"ఈడుంది అబ్బా. గుంట పూడిపోయింటే పాత దాంట్లో నాటినా."

 ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం ఆ కొంచెం వెలుగులో కూడా నాకు తెలిసింది. అప్పుడు అర్థమైంది నాకు.  లాంతరు ఆర్పేద్దామని ఉరికాను.

"ఆర్పాకు!" అని అరిచాడు. "దీపం ల్యాకపోతే వాడు నిలబడతాడు. తడి ఇసకలో నిలబడిన బండి లేస్తాదా?"

"కేకేస్తా అబ్బా, వెనక్కి పొమ్మని..."

"గాలి యాణ్ణుంచి కొడతాండాది? మనకు వాడి కేక ఇనపడతాది, వానికి మనది ఇనపడదు."

"పీకి కొత్త గుంటలో పెడతా."

"ఒక్కసారిగా పది అడుగులు జరిపితే వాడు బండిని అడ్డం తిప్పుతాడు. అడ్డం తిప్పితే ఏటి వాలుకు చక్రం పోతాది. గమ్మునుండు. నన్ను ఆలోచన చేయనీ."

ఆయన ఏటి వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. నేను ఏడుస్తున్నాను. ఏడుపు ఆపమని కూడా అనలేదు. బండి చప్పుడు పొడి ఇసుకలో కరకరమంటోంది. ఇంకా మొదటి పాయ రాలేదన్న మాట. ఊబికి ఇంకా దూరం ఉంది. కానీ ఎంతో దూరం లేదు.

"కొయ్య పీకి నిలువునా పట్టుకో" అన్నాడు. "ఊగనియ్యాకు. నేను అనినప్పుడు ఒక్క అడుగు ఎగువకు పెట్టు. ఒక్కటే. వాడికి దీపం జరిగినట్టు తెలియకూడదు, తానే తప్పినాననుకోవల్ల. అట్ల కొంచెం కొంచెం ఎగువకు తోలుకుంటాడు."

కొయ్య నా కంటే ఎత్తు. పైన లాంతరు బరువు. రెండు చేతులతో రొమ్ముకు అదుముకొని నిలబడ్డాను. గాలికి లాంతరు ఊగకుండా ఒళ్లంతా బిగబట్టాను.

"అడుగు" అన్నాడు అబ్బ. వేశాను. బండి లాంతరు అట్లాగే వస్తోంది.  కాసేపటికి బావ ఎద్దులను ఎడమకు అదిలించిన కేక వినిపించింది. లాంతరు కొంచెం ఎగువకు జరిగింది.

"జరిగినాడా?"

"జరిగినాడబ్బా."

"ఇంగో అడుగు."

ఇట్లా నాలుగు అడుగులు. నీళ్లలో చక్రాల చప్పుడు మొదలైంది. అబ్బ ముఖం ఇంకా బిగిసింది. ఆయనకు కనబడేది ఏమీ లేదు. నన్ను అడుగుతున్నాడు. ఏట్లో నల్లబండ కనబడతాండాదా, బండి దానికి యా పక్కనుంది, ఎంత ఎడముంది. నేను చెప్తున్నాను. నా కళ్లు ఆయనవి, ఆయన తల నాది. ఒకసారి నేను భయంతో చెప్పకముందే అడుగు వేయబోతే, ఎట్లా తెలిసిందో, నా భుజం మీద కర్రతో కొట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే.

"అయిదు... ఆరు. వాన్ని నీళ్లు దాటనీ. ఇప్పుడు ఏడు."

ఎనిమిదో అడుగు వేశానో లేదో ఎద్దు అరిచింది. అట్లాంటి అరుపు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. బండి లాంతరు ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. కుడిపక్క ఎద్దు ఊబి అంచున కాలు పెట్టింది. దాని వెనకే కుడి చక్రం కూడా దిగుతోంది. అక్క కేక వినిపించింది.

"నిలబడుమే! దీపం కదిలించాకు!" అని అబ్బ నా వైపు అరిచి, గడ కూడా లేకుండా నీళ్లలోకి దిగిపోయాడు. చూపు లేని మనిషి, కర్ర ఒక్కటి పట్టుకొని, బండి చప్పుడు పట్టుకొని పోతున్నాడు. నేను కొయ్య వదిలి పోలేను. వదిలితే వాళ్లకు గట్టు ఎక్కడో తెలియదు. అంతసేపూ నేను చేయగలిగిందల్లా కదలకుండా నిలబడటమే. ఊళ్ళో నుంచి మగవాళ్లు తాళ్లు తీసుకొని ఉరికి వచ్చారు.

బావ కత్తితో పలుపు కోసి ఆ ఎద్దును కాడి నుంచి వదిలేశాడు. అది పోయింది. బావ దూడప్పటి నుంచి సాకిన ఎద్దు. తరువాత కాడి ఆ కొసను తన భుజం మీదకు ఎత్తుకొని, మిగిలిన ఎద్దుతో పాటు తానే లాగాడు. అబ్బ చక్రానికి భుజం పెట్టాడు. ఎటు లాగాలో ఆయనే చెప్పాడట, కాళ్లతో తడిమి చూసి. తాళ్లు వేసేసరికి బండి గట్టి నేల మీదకు ఎక్కింది. అక్క నొప్పులతో మెలికలు తిరుగుతోంది. ఆమెను గట్టుకు చేర్చి, ఊళ్ళో వేరే బండి కట్టించారు.

అప్పుడు బావ వెనక్కి తిరిగాడు. ఒళ్లంతా బురద. భుజం చీరుకుపోయి రక్తం.

"దీపం ఎవురప్పా నాటింది?"

నేను నోరు తెరిచాను. నా పక్కన నిలబడ్డ అబ్బ నా మణికట్టు పట్టుకున్నాడు. ఎముక విరుగుతుందేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు.

"నేనే నాటినా నాయనా" అన్నాడు. "నాకు కండ్లు కనపడటంల్యా. మూడేండ్లాయ. దాచిపెట్టినా."

ఊరి మగవాళ్లంతా అక్కడే ఉన్నారు.  బావ ఆయన ముఖం మీదకు చెయ్యి ఎత్తి, మళ్లీ దించేసుకున్నాడు. "నీ సొంత మనమరాల్ని ఏట్లో పూడ్చబోయినావు గదప్పా, దీపం మీద ఆశకు" అని, ఉమ్మేసి, అక్క వెంట బండిలో పోయాడు. మర్నాడు తెల్లవారుజామున జమ్మలమడుగులో ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు.

వారం తిరగకుండానే పెద్దలు వచ్చి గుమ్మటం తాళంచెవి తీసుకుపోయారు. అబ్బ ఇంట్లోకి పోయి, ఏకి పెట్టుకున్న వత్తుల మూట కూడా తెచ్చి వాళ్ల చేతికి ఇచ్చాడు. వాళ్లు పోయాక నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఎందుకు చెప్పావని ఏడ్చాను.

"నా కండ్లు ఎట్లా పోయేటివే. నీ ఇల్లు ఎందుకు పోవల్ల?" అన్నాడు. "నెలలో ఆ ఇంటికి కోడలై పోవల్ల నువ్వు. వాళ్ల ఎద్దును, బిడ్డను ఏట్లో దించినావని తెలిస్తే గడప తొక్కనిస్తారా? నోరు ఎత్తితివా, నా మీద ఒట్టే."

ఒట్టు పేరు చెప్పుకొని నేను నోరు మూసుకున్నాను. నిజానికి ఒట్టు లేకపోయినా మూసుకునేదాన్నేమో. పెండ్లయింది. అబ్బను పెండ్లికి రావద్దని మా అత్త కబురు పెట్టింది. ఆయన రాలేదు. దీపం ఇంకొక ఇంటికి పోయి, కొన్నాళ్లు వెలిగింది. తరువాత బస్సులు వేరే దారిన తిరగడం మొదలయ్యాక బండ్లు తగ్గాయి, దాన్ని వెలిగించేవాళ్లూ లేకపోయారు. నా పెండ్లయిన రెండో ఏట అబ్బ పోయాడు. మా అక్క బతికినన్నాళ్లూ "అబ్బ నన్ను చంపబాయె" అని నవ్వుతూ చెప్పుకునేది. నేనూ నవ్వేదాన్ని.

ఇదంతా మంచం మీద కూర్చొని విన్నాక మా అక్క కూతురు కాగితాల కట్టను ఒళ్లోకి లాక్కుంది. కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి, "ఏం రాయల్ల చిన్నమ్మా?" అని అడిగింది.

"పాత గుంటలో నాటింది మనమరాలని రాయి. చూపు లేకపోయినా ఎనిమిది అడుగులు జరిపించి బండిని గట్టుకు చేర్చింది ఆయనని రాయి."

రాసుకుంది. తల ఎత్తకుండానే ఇంకో మాట అడిగింది.

"ఆయన నన్ను ఒక్కసారన్నా ఎత్తుకున్న్యాడా?"

అది నాలుగు నెలల బిడ్డగా ఉన్నప్పుడు అక్క, మా అత్త, నేను ఒకసారి మా ఊరికి పోయాం. బిడ్డ నా చేతుల్లో ఉండి ఏడ్చింది. అరుగు మీద కూర్చున్న అబ్బ ఆ ఏడుపు వచ్చిన వైపు రెండు చేతులూ చాచాడు. "కండ్లు కనపడనాయనకు ఇయ్యాకు, పడేస్తాడు" అంది మా అత్త. నేను వెనక్కి ఒక్క అడుగు వేశాను. ఆయన చేతులు కాసేపు అట్లాగే చాచి ఉంచి, ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేదు" అన్నాను. "నేనే ఇయ్యలేదు."